ఎదురింటి షట్టర్

సీతారాం గారు కొబ్బరికాయ కొట్టి, కొత్త రిమోట్‌కి బొట్టు పెట్టి, బటన్ నొక్కారు. గ్యారేజీ షట్టర్ గరగరమంటూ లేచింది. విశ్వకర్మ పూజకి వచ్చిన వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

అంతలో వెనక మరో గరగర వినిపించింది. అందరూ తిరిగి చూశారు. ఎదురింటి షట్టర్ కూడా తనంతట తానే లేచింది! లోపల కారు పక్కన పీట మీద కూర్చుని, త్యాగరాజు గారమ్మాయి అపూర్వ ప్రసాదం లడ్డూ నోట్లో కుక్కుకుంటోంది.

"ఏటే, మనింట్లో పూజింకా అవ్వనేలేదు కదే!" తల్లి కుసుమ నెత్తి కొట్టుకుంది.

సీతారాం గారబ్బాయి సుదీప్ పకపకా నవ్వేశాడు. అక్కడే అతని కొంప మునిగింది. లడ్డూ మింగకుండానే అపూర్వ వీధి దాటి వచ్చేసింది.

"మా షట్టర్ ఎందుకు తెరిచావ్?"

"నొక్కింది మా నాన్న."

"రెండిళ్ళకీ బిగించింది ఎవరు, ఇంజనీర్ సాబ్?"

బిగించింది తనే. పూజ నాడు ఆ ఊళ్ళో ఎవరూ పనిముట్టు ముట్టరు కనుక, ఆదిత్యపూర్ బజారు నుంచి తెచ్చిన రెండు రిమోట్ సెట్లనూ ముందురోజు సాయంత్రమే హడావిడిగా బిగించేశాడు. రిమోట్‌లో ఎనిమిది బుల్లి స్విచ్‌లుంటాయి. పైకప్పు దగ్గరి మోటారు డబ్బాలోనూ ఎనిమిది. రెండుచోట్లా ఒకేలా పెడితేనే షట్టర్ కదులుతుంది. ఇంటికో రకంగా పెట్టాలన్న సంగతే అతను మర్చిపోయాడు.

"ఇప్పుడే మార్చు."

"ఇవాళ స్క్రూడ్రైవర్ ముట్టుకుంటే నాన్న గెంటేస్తారు. కల్ పక్కా."

ఆ రేపు వచ్చేదాకా అపూర్వ ఊరుకుంటేగా! గ్యారేజీలో సుదీప్ స్కూటర్ తుడుస్తుంటే షట్టర్ దిగింది. చీకట్లో తడుముకుంటుంటే లేచింది. వీధి అవతల నుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు కోసం సుదీప్ తుడిచిన స్కూటర్నే మళ్ళీ తుడిచాడు.

మర్నాడు ఒకటే వాన. సరిగ్గా చేస్తాడో లేదో చూస్తానంటూ అపూర్వ గొడుగేసుకుని సుదీప్ వాళ్ళ గ్యారేజీకి వచ్చి, అతనెక్కిన నిచ్చెన పట్టుకుంది.

"మా ఇంటివే మారుస్తున్నా. మూడోదీ ఏడోదీ పైకి, మిగతావన్నీ కిందకి," నిచ్చెన మీద నుంచి చెప్పాడు సుదీప్.

"నాకెందుకు చెప్తన్నావ్? దొంగతనానికి రావాలా?"

సుదీప్ ఆదివారం పూణే వెళ్ళిపోతున్నాడు, ఉద్యోగానికి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

"నువ్వంటే నాకిష్టం అపూర్వా. నీకూ ఇష్టమైతే మీవీ ఇలాగే పెట్టు. ఆదివారం బయల్దేరేముందు నొక్కుతాను. మీ షట్టర్ లేస్తే నాకు తెలిసిపోద్ది."

నిచ్చెన కదిలింది. కిందికి చూస్తే అపూర్వ లేదు. గొడుగు కూడా మర్చిపోయి వానలో పరుగెత్తింది.

ఆదివారం సూట్‌కేసు పట్టుకుని గ్యారేజీ బయట నిలబడి, ఊపిరి బిగబట్టి నొక్కాడు సుదీప్. తమ షట్టర్ లేచింది. ఎదురింటిది కదల్లేదు. మళ్ళీ నొక్కితే తమదే దిగింది. ఇంకోసారి నొక్కితే తమదే లేచింది. ఎదురింటిది మాత్రం చలించలేదు. అతని ప్రాణం ఉసూరుమంది.

"నడువ్, ట్రైను టైమైపోతంది!" గ్యారేజీలో కారు స్టార్ట్ చేస్తూ సీతారాం గారు కేకేశారు.

ఆ కేక పూర్తవకముందే ఆయన ముందు షట్టర్ దిగిపోయింది. సుదీప్ తెల్లబోయి తన రిమోట్ నొక్కాడు. లేచింది. వెంటనే మళ్ళీ దిగింది. లోపల్నుంచి హారన్ మోత.

అటు త్యాగరాజు గారూ అరుస్తున్నారు. "కుసుమా, మన రిమోట్ ఎక్కడే? అది లేకుండా ఈ షట్టర్ లెగదు!"

రిమోట్ అపూర్వ చేతిలో ఉంది. వరండా మెట్ల మీద, ముఖం ఎర్రగా కందిపోయి, నిలబడి ఉంది.

"మీ షట్టర్ లేవలేదు!" సుదీప్ అరిచాడు.

"పైనున్న డబ్బా నాకు అందితేగా! నిచ్చెన మీ ఇంట్లోనే ఉండిపోయింది కదా, బుద్ధూ! రిమోట్‌లోవి మాత్రం మార్చీసినాను. మూడు, ఏడు!"

సుదీప్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది. నిజంగానే గంతేశాడు. కుసుమ కూతుర్ని చూసి, రిమోట్‌ని చూసి, సీతారాం గారి షట్టర్ వైపు గొంతు పెంచింది.

"అన్నయ్యగారూ! దీపావళికి అబ్బాయి వత్తాడు కదా, అప్పుడు కూర్చుని మాటాడుకుందాం!"

"అలాగేనమ్మా! ముందు నన్ను బైటికి రానీండి!"

అపూర్వ బటన్ మీద వేలు పెట్టి ఆగింది. "దీపావళికి వత్తావా?"

"వత్తాను!"

షట్టర్ లేచింది. సీతారాం గారు హారన్ మీద చెయ్యి తియ్యకుండా చూస్తుండగా, సుదీప్ సూట్‌కేసు అక్కడే వదిలేసి, నిచ్చెన భుజానికెత్తుకుని ఎదురింటికి పరుగుతీశాడు.