పై బటన్

"మా తమ్ముణ్ణి మా ఆయన కావాలని చంపాడో లేదో చెప్పండమ్మా. ఆ మనిషికి అన్నం పెట్టాలో వద్దో నాకు తెలియాలి."

ఒంగోలులో డిటెక్టివ్ ధనశ్రీ ఎదుట ఎలీసమ్మ నిలబడే ఉంది. ఆమె భర్త ఇమ్మానియేలు చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో క్రేన్ ఆపరేటర్. పది రోజుల క్రితం, మధ్యాహ్నం షిఫ్టు మొదలవగానే, అతని క్రేన్‌కు వేలాడుతున్న దిమ్మె కింద ఆమె తమ్ముడు ప్రకాష్ నలిగిపోయాడు. ఆ పొద్దునే ఇద్దరూ పదిమందిలో తిట్టుకున్నారు. అందరూ అరుస్తున్నా ఇమ్మానియేలు బటన్ వదల్లేదని సాక్ష్యం. పోలీసులు చూస్తే క్రేన్‌లో లోపం లేదు. అతను బెయిలు మీద బయటికొచ్చాడు.

మర్నాడు ధనశ్రీ తన అసిస్టెంట్ కోటితో యూనిట్‌కు వెళ్లింది. ఎక్కడ చూసినా తెల్లటి రాతి దుమ్ము. క్రేన్ బటన్ల పెట్టెకు సైకిల్ ట్యూబు చుట్టి ఉంది.

"బటన్లు కనపడవేం?"

"రాతిబురద పడకుండా మేమే చుట్టామండి," అన్నాడు పొద్దుటి షిఫ్టు ఆపరేటర్ సిలార్. "పైది నొక్కితే పైకి, కిందిది నొక్కితే కిందికి. చూసేదేముంది, వేలికే తెలుసు."

"మోటారు ఈమధ్య విప్పారా?"

"ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదు," మేనేజర్ దుర్గాప్రసాద్ అడ్డొచ్చాడు. సిలార్ తల దించుకున్నాడు.

ధనశ్రీ నిచ్చెనెక్కి మోటారు చూసింది. మూడు తీగల అతుకులు. ఒకదానికి పసుపు టేపు, రెండింటికి నల్ల టేపు. మూడింటి మీదా దుమ్ము పలచగానే ఉంది.

ఆ సాయంత్రం ఎలీసమ్మను, ఇమ్మానియేలునూ పిలిపించి, అందరినీ క్రేన్ కింద కూర్చోబెట్టింది.

"ఏడాదిగా ముట్టుకోని టేపు ఇంత శుభ్రంగా ఉండదు, మేనేజర్ గారూ. ప్రమాదం జరిగిన రోజు పొద్దున మోటారు బాగుచేయించి బిగించారు. మూడు అతుకులకూ పసుపు టేపే వేసుంటారు. తర్వాత రెండు మాత్రమే విప్పి తిరిగి చుట్టారు. ఎందుకు? రెండు తీగలు అటూ ఇటూ అయితే మోటారు వెనక్కి తిరుగుతుంది. పైది నొక్కితే దిమ్మె కిందికొస్తుంది. పోలీసులు వచ్చేలోపు సరిచేయించారు. సిలార్, నీకు తెలుసు కదూ?"

సిలార్ ఏడ్చేశాడు. "'ఈ పూటకి తిరగేసి నొక్కు, రేపు చూద్దాం' అన్నారమ్మా మేనేజర్ గారు. దిమ్మెను అలాగే వేలాడదీసి వెళ్లిపోయాను. ఇమ్మానియేలుకి చెప్పలేదు."

"మరి ఎందుకు వదల్లేదు మేడం?" కోటి అడిగాడు.

"చెప్పండి, ఇమ్మానియేలు గారూ."

"దిమ్మె కింద చెక్కలు సర్దుతూ 'కాస్త పైకెత్తు బావా' అన్నాడండీ. పైది నొక్కాను. కిందికి దిగుతుంటే ఇంకా గట్టిగా నొక్కాను... పైకి లేస్తుందని."

ధనశ్రీ ఒకప్పుడు కాలేజీలో సైకాలజీ చెప్పేది. "రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లు ఒక మీట బదులు ఇంకోటి లాగి విమానాలు పాడుచేసుకునేవారు. ముందు వాళ్లనే తప్పుపట్టారు. తర్వాత సైకాలజిస్టులు చూస్తే, రెండు మీటలూ పక్కపక్కన, ఒకేలా ఉన్నాయి. ఇక్కడా లోపం మనిషిది కాదు, యంత్రానిది. భయంలో చెయ్యి అలవాటైన దారినే పోతుంది, కోటీ. ఈయన కాపాడ్డానికే నొక్కాడు."

ఎలీసమ్మ ఇంటి నుంచి తెచ్చిన క్యారేజీ విప్పి భర్త ముందు పెట్టింది.

"వేలు నాదే కదా, ఎలీసా," అన్నాడతను. కుడిచేయి అన్నం మీదికి పోలేదు.

ఆమె కాసేపు ఆ బొటనవేలినే చూసింది. తర్వాత తనే ముద్ద కలిపి, ఏడుస్తూ, అతని నోటికందించింది.