గొంతు దాచుకున్న అమ్మ

ఆ ఇంట్లో పొద్దు కోడలి గొంతుతోనే మొదలయ్యేది. కాకపోతే ఆ గొంతు కోడలి నోట్లోంచి వచ్చేది కాదు. మంచం పక్కన గోడకి ఆనించిన టాబ్లెట్‌లోంచి వచ్చేది.

"లే బంగారం, తెల్లారింది! సూర్యుడు నీకోసం ఎదురు చూస్తున్నాడు!"

మూడున్నరేళ్ళ కూతురు గువ్వ కళ్ళు తెరవకముందే నవ్వేది. దొర్లుకుంటూ వెళ్ళి టాబ్లెట్‌ని వాటేసుకునేది. ఆ గొంతుగల మనిషి మాత్రం అదే గదిలో, అద్దం ముందు తల దువ్వుకుంటూ, పెదవి విప్పకుండా నిలబడేది.

ఆమెది గొంతు మీద బతికే ఉద్యోగం. చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే యాప్ ఒకదానికి గొంతు ఆమెదే. రంగులు, అంకెలు, జంతువులు, శభాష్‌లు అన్నీ ఆమె పలికినవే. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అద్దాల గదిలో మైకు ముందు నవ్వుతూ మాట్లాడాలి. ఒకసారి గొంతు బొంగురుపోతే పని ఆగిపోయి, పైవాళ్ళు వేరే మనిషిని వెతకబోయారు. ఆ భయంతో ఇంట్లో నోటికి తాళం వేసుకుంది. గోరువెచ్చని నీళ్ళు, చేతి సైగలు, మరీ తప్పకపోతే గుసగుస, అంతే. పిల్లకి లోటు రాకూడదని లేవడానికి, తినడానికి, పడుకోవడానికి కూడా విడిగా మాటలు రికార్డు చేసిపెట్టింది. ఇంత ముద్దుగా ఏ తల్లి పలుకుతుందని లోలోపల కాస్త గర్వం కూడాను.

"అమ్మాయ్, ఆ పాలగ్లాసు ఇటివ్వు" అని వంటింట్లోంచి కేకేసింది అత్తగారు.

"అమ్మాయ్, గ్లాసు!" అంది గువ్వ తల్లివైపు చూసి, అచ్చం నానమ్మలాగే.

గడ్డం గీసుకుంటున్న భర్త పగలబడి నవ్వాడు. "అయిపోయావు పో! ఇంట్లో నీకిప్పుడు ఇద్దరత్తలు."

కోడలు కూడా చప్పుడు కాకుండా నవ్వి, పిల్ల తల నిమిరి, సంచీ తగిలించుకుని బయల్దేరింది. గువ్వ తల్లిని ఎప్పుడూ అలాగే, 'అమ్మాయ్' అనే పిలిచేది. ముద్దుగానే ఉంది కదా అని ఎవరూ సరిదిద్దలేదు. ఆగి ఆలోచించాల్సింది అక్కడే. కానీ నవ్వొచ్చిన చోట ఆగేదెవరు!

మధ్యాహ్నం బడినుంచి ఫోనొచ్చింది. గువ్వ ఆ చిన్నపిల్లల బడిలో చేరి నెల కూడా కాలేదు. రికార్డింగు సగంలో వదిలేసి కోడలు పరిగెత్తింది.

మోకాళ్ళ ఎత్తున్న కుర్చీల మధ్య టీచరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"కంగారు పడకండి, గువ్వకేం కాలేదు. వాళ్ళ నానమ్మ వస్తే ఇంటికి కూడా పంపించేశాను. వేరే బాబు ఉయ్యాల మీంచి పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయి నెత్తురొచ్చింది. పిల్లలంతా గోల. మీ అమ్మాయి మాత్రం వాడి దగ్గరికెళ్ళి, నవ్వుతూ 'అయ్యో, తప్పు! మళ్ళీ ప్రయత్నించు!' అని చప్పట్లు కొట్టిందండీ."

కోడలు ఆ మాట గుర్తుపట్టింది. యాప్‌లో జవాబు తప్పితే వినబడేది, తను పలికింది. ఆ నవ్వు కూడా తనదే. మైకు ముందు అలా నవ్వడానికి ఎంత సాధన చేసిందో!

"గువ్వకి మాటలు రావని కాదు, బోలెడొచ్చు" అంది టీచరమ్మ మెల్లగా. "ఎదుటి మనిషి మొహం చూసి మాట్లాడటమే రావట్లేదు. 'ఏం తిన్నావమ్మా' అని నేనడిగితే నా బుగ్గ మీద వేలితో నొక్కుతుంది. ఏమవుతుందా అని చూస్తుంది. ఏమీ కాకపోతే వెళ్ళిపోతుంది."

"అంటే... టాబ్లెట్ ఇవ్వకూడదంటారా?" కోడలు అలవాటుగా గుసగుసలాడింది.

"అబ్బే, ఇక్కడ మేమూ వాడతాం. ఇవాళే నత్త వీడియో చూశాం. పిల్లలు నా చుట్టూ, నేను మధ్యలో. చూడటం అవగానే కట్టేసి పెరట్లో తడిగోడ దగ్గర నత్త కోసం వెతుక్కున్నాం. అది దొరికితే కదా! దాన్ని అందరం కలిసి తిట్టుకున్నాం." టీచరమ్మ నవ్వి, అంతలోనే ఆపేసింది. "మనిషికి తోడుగా ఉంటే మంచిదేనండీ అది. మనిషికి బదులు కూర్చోబెడితేనే చిక్కు. మీ ఇంట్లో గువ్వతో రోజూ కబుర్లు చెప్పేదెవరు?"

"మా అత్తగారు" అంది కోడలు.

నేనని చెప్పలేకపోయినందుకు సిగ్గుతో చచ్చిపోయింది. ఇల్లు చేరేసరికి ఆ సిగ్గు కాస్తా కోపమై కూర్చుంది. మనుషులం కదా, మన తప్పు మోయడానికి ఎవరో ఒకరు దొరక్కపోతారా!

గుమ్మంలోంచే కనిపించింది. గువ్వ నేలమీద బోర్లా పడుకుని టాబ్లెట్ చూస్తోంది. అత్తగారు పక్కనే బట్టలు మడతపెడుతోంది.

"ఏం చేస్తున్నారత్తయ్యా మీరు?" ఆ ఇంట్లో ఆ గొంతు అంత పైకి లేచి ఎన్నాళ్ళయిందో! "పిల్లని మీకప్పగించి వెళ్తే, దీన్ని దాని మొహాన పడేసి మీ పని మీరు చూసుకుంటారా? బడిలో తలెత్తుకోలేకపోయాను!"

అత్తగారి చేతిలో చొక్కా జారిపోయింది. "నేనా? నోరుంది కదా అని ఎంత మాట పడితే అంత మాటేనా?"

"మరి ఎవరిచ్చారు దీన్ని?"

"నేనే ఇచ్చా. ఇవ్వక ఏం చేసి చావను! నాకు మాత్రం సరదానా? మొన్న దాన్ని తీసి బీరువాలో పెట్టి తాళం వేశా. నీ కూతురు ఏం చేసిందో తెలుసా? రెండు చేతులతో తలుపు బాదింది. అరచేతులు కందిపోయాయి. ఆట కావాలని కాదే. 'నానమ్మా, తలుపు తియ్యి, అమ్మకి ఊపిరాడదు' అని ఏడ్చింది!"

కోడలికి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"అమ్మ సాయంత్రం వచ్చేస్తుందే అన్నాను" అంది అత్తగారు. "'సాయంత్రం వచ్చేది అమ్మాయి. అమ్మ లోపలుంది' అంది. నా ప్రాణం పోయిందనుకో. నీకు చెప్పాలని ఎన్నిసార్లు దగ్గరికొచ్చానో! నువ్వేమో రాగానే పెదవి మీద వేలు పెట్టుకుంటావు. ఇంత మాట నోరు విప్పనిదానికి ఎలా చెప్పను తల్లీ? నోటి దాకా వచ్చి ఆగిపోయేది. నీ గుండె ఏమైపోతుందోనని."

కోడలు సంచీ పక్కన పెట్టి నేలమీద కూర్చుంది. లోకంలో పిల్లలందరికీ పంచిపెట్టిన గొంతులో, కన్నపిల్లకి ఒక్క చుక్క మిగల్చలేదు. తన పిల్లకి తను ఎవరూ కాదు.

"గువ్వా" అని పిలిచింది. ఏడుపుతో గొంతు జీరపోయింది. పిల్ల తల తిప్పలేదు.

"శభాష్ బంగారం!" అంది టాబ్లెట్. గువ్వ వంగి, దాని తెర మీద ముద్దు పెట్టింది.

"ముందు దాన్ని తీసి అవతల పారేస్తానుండు" అని అత్తగారు లేచింది.

"వద్దత్తయ్యా. ఇప్పుడు లాక్కుంటే దాని దగ్గర్నుంచి అమ్మని లాక్కున్నట్టే" అని కోడలు కళ్ళు తుడుచుకుంది. పాకుతూ వెళ్ళి, పిల్ల పక్కన తనూ బోర్లా పడుకుంది.

"ఇదేంటి చెప్పు? ఏనుగు!" అంది టాబ్లెట్.

"ఏనుగు!" అంది కోడలు కూడా, అదే నవ్వుతో, అదే తీపితో, ఎలాగో గొంతు కూడదీసుకుని.

గువ్వ ఉలిక్కిపడింది. అటు చూసింది, ఇటు చూసింది. కోడలు వేలు చాచి బొమ్మని ఆపేసింది. తను మాత్రం మాట ఆపలేదు. "ఏనుగు ఎక్కడికెళ్తోంది గువ్వా? నీళ్ళ కోసమా? వాళ్ళమ్మ ఏదీ? తప్పిపోయిందా?"

పిల్ల టాబ్లెట్ మీద చెయ్యి వేసి చూసింది. అది పలకలేదు. ఆ చెయ్యే మెల్లగా తెచ్చి తల్లి గొంతు మీద పెట్టింది. అక్కడ మాట వేళ్ళకి తగులుతోంది. ఊరుకుంటే ఎక్కడ మళ్ళీ పరాయిదాన్నైపోతానోనని కోడలు ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు. "నేనే గువ్వా. నేనేరా. ఆ మాటలన్నీ నావే."

పిల్ల నవ్వుతుందనుకుంది. మెడ చుట్టూ చేతులు వేస్తుందనుకుంది. గువ్వ పెదవులు వంకర్లు పోయాయి. గొంతు మీదున్న చెయ్యి పిడికిలైంది. ఆ పిడికిలితో తల్లి గుండెల మీద కొట్టింది.

"ఇక్కడే ఉన్నావా?" అంది. "రోజూ ఇక్కడే ఉన్నావా? మరి నాతో ఎందుకు మాట్లాడలేదు?"

ఎందరు పిల్లలకో తడుముకోకుండా జవాబులు చెప్పిన గొంతు అది. ఆ ఒక్క ప్రశ్నకి ఏడుపైపోయింది. పిల్ల మళ్ళీ కొట్టింది. కోడలు ఆ చెయ్యి పట్టుకోలేదు, కొట్టనిచ్చింది.

అత్తగారు వచ్చి, కోడలి తలని తన ఒళ్ళోకి లాక్కుంది. "తర్వాత ఏడుద్దువుగానిలేవే. ముందు మాట్లాడు. ఊరుకోకు, దాని మొహం చూసి మాట్లాడు" అంది, తనూ ఏడుస్తూనే.

కోడలు ఆ బొంగురు గొంతుతోనే మాట్లాడటం మొదలుపెట్టింది. ఏం మాట్లాడుతోందో ఆమెకే తెలియలేదు. గువ్వ వెక్కుతూ, ఆ పెదవులనే చూస్తూ వింది.