బాయిలర్‌లోంచి తట్టిందెవరు?

"మా ఆయన బాయిలర్‌లోంచి తడుతున్నారండీ," అంది ఆవిడ, కుర్చీలో కూర్చోకముందే.

డిటెక్టివ్ కళ్ళజోడు తీశాడు. "ఇప్పుడాయన ఎక్కడున్నారు?"

"పోయి ఏడాదైంది."

అసిస్టెంటు తన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. డిటెక్టివ్‌కు స్వయానా బావమరిది కావడం, బావ తెలివిని గుడ్డిగా నమ్మడం తప్ప ఆ ఉద్యోగానికి అతనికి వేరే అర్హత లేదు.

ఆవిడ భర్త, తోటలో పట్టాలమీద తిరిగే బుల్లి ఆవిరి ఇంజను కడుతూ మధ్యలోనే కన్నుమూశాడు. బాయిలర్‌కు మూడు మిల్లీమీటర్ల రాగిరేకు ఏరి పెట్టుకున్నాడు. మిగతా పని ఆవిడ మరిది పూర్తిచేశాడు. రేపు కూతురు దానిలో నిప్పు రాజేసి, వెనకాల కూర్చుని నడపబోతోంది. ఎండ తగ్గగానే బాయిలర్‌ను లోపలినుంచి ఎవరో తడుతున్నారు. ఒక్కసారే. టక్.

"వద్దని చెబుతున్నారేమో. పిల్ల నా మాట వినదు."

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే అసిస్టెంటుకు దాహమేసింది. భయమేస్తే అతనికంతే. వరండాలో నీళ్ళతొట్టి మూత ఒంటిచేత్తో లేవలేదు.

"మూతా, బండా అండీ ఇది?"

"మా మరిది ఇచ్చిన రాగిమూత. వదినంటే ఎంత అభిమానమో!"

మూత ఒక మూల మాత్రం కాస్త వంగి, సుత్తిదెబ్బలతో సొట్టలు పడివుంది.

షెడ్డులో, రంధ్రాలన్నిటికీ బిరడాలు బిగించిన బాయిలర్ కిటికీ పక్కన మౌనంగా ఉంది. ఎండ జరిగింది. నీడ దానిమీదికి పాకింది.

టక్.

"బావా!" అసిస్టెంటు చొక్కా పట్టుకున్నాడు.

"చొక్కా వదులు, చిరుగుతుంది." డిటెక్టివ్ రేకు అంచు కొలిచాడు. సరిగ్గా మూడు మిల్లీమీటర్లు. తర్వాత రేకు మధ్యలో బొటనవేలితో నొక్కి చూసి, కొలబద్ద జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అందర్నీ షెడ్డులో సమావేశపరిచాడు.

"దెయ్యాల కథలకు భయపడి నాన్న ఇంజను ఆపేస్తామా?" అంది కూతురు.

"ఆపొద్దమ్మా. నిప్పుకు ముందు నీళ్ళు నింపి ఒత్తిడి పెడదాం. మీ బాబాయిగారు దీన్ని ఆనుకుని కూర్చుంటారు."

"నేనెందుకండీ?" మరిది తలుపు దాకా వెళ్ళిపోయాడు.

డిటెక్టివ్ చేతిపంపు కొట్టాడు. ఒత్తిడి చూపే ముల్లు సగానికి రాకముందే రేకు పొట్టలా ఉబ్బి, అంచు దగ్గర చిరిగి, నీళ్ళు చిమ్మాయి. కూతురు రెండడుగులు వెనక్కి వేసింది. అది ఆవిరై ఉంటే?

"రాగిని కొట్టేకొద్దీ మొండికేస్తుంది," అన్నాడు డిటెక్టివ్. "ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. అది తెలీక ఈయన ఒక మూల వంచి చేతులెత్తేశారు. పల్చటి రేకు చుట్టి, కనిపించే అంచుకు మందపాటి పట్టీ అతికించారు. అసలు రేకు నీళ్ళతొట్టి మీద ఉంది. ఎండకు లోపలి గాలి వ్యాకోచించి పల్చటి రేకు బయటికి పొంగేది. చల్లబడితే, టక్."

"చేతకాదని చెప్పలేకపోయాను వదినా," అన్నాడు మరిది తలుపు దగ్గరినుంచే.

"అందుకని నన్ను దీని వెనక కూర్చోబెట్టేవాడివా బాబాయ్?"

ఆవిడ మాత్రం డిటెక్టివ్‌నే చూస్తోంది. "అయితే, తట్టింది ఆయన కాదా?"

అన్నిటికీ జవాబుండే బావ కళ్ళజోడు తుడుచుకోవడం అసిస్టెంటు చూశాడు. "రేకండీ."

ఆ సాయంత్రం పెరట్లో కూతురు తొట్టిమూతను ఎర్రగా కాలుస్తోంది. షెడ్డులో ఎండ తగ్గింది. చప్పుడు లేదు. ఆవిడ చెవి ఒగ్గి నిలబడింది. చివరికి చిరిగిన బాయిలర్‌ను తనే వేలితో తట్టింది.

ఒక్కసారే.