మొదటి పందెం దారిలో

మారేడుమిల్లి అడవి అంచున, పందెం మొదలయ్యే చోట, డాక్టర్ నీలవేణి తన పాత సోషల్ మాస్టారి తలకి గుడ్డ పట్టీ చుట్టి, దానికున్న రెండు బిళ్ళలు చెవుల వెనక సరిగ్గా ఆనేటట్టు సర్దుతోంది. గౌరీపతి మాస్టారు కళ్ళు మూసుకుని కదలకుండా నిలబడ్డారు. మిగతా జట్లవాళ్ళు బూట్ల లేసులు బిగించుకుంటూ వీళ్ళ వంక వింతగా చూస్తున్నారు.

"ఏమైనా తెలుస్తోందా మాస్టారూ?" అని అడిగింది నీలవేణి.

ఆయన కాసేపటికి కళ్ళు తెరిచి, "ఇక్కడ టీ కొట్టు ఉండేది. అల్లం వాసన వస్తోంది" అన్నారు.

ఇప్పుడక్కడ కార్లు నిలిపే సిమెంటు చప్టా తప్ప ఏమీ లేదు. యంత్రం పనిచేస్తోందని నీలవేణికి అర్థమైంది.

ఆ రోజుల్లో మనిషికి దారి వెతుక్కోవలసిన పని ఎక్కడా లేదు. చెవిలో పెట్టుకున్న ఫోను ప్రతి మలుపులోనూ ఇటు తిరుగు, అటు తిరుగు అని చెప్పేది. సొంత ఊళ్ళో కూరగాయల బజారుకి వెళ్ళాలన్నా జనం దాన్నే అడిగేవారు. అందుకేనేమో, ఏడాదికొకసారి ఈ పందేనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. ఫోన్లు సంచీలో వేసి సీలు చేసేస్తారు. మ్యాపు, దిక్సూచి పట్టుకుని అడవిలో దాచిన గుర్తు జెండాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ, పొద్దు వాలేలోగా కొండ అవతలికి చేరాలి. పందెం మొదలై ఇరవై అయిదేళ్ళయిన సందర్భంగా ఆ ఏడాది మొట్టమొదటి పందెం దారినే మళ్ళీ పెట్టారు.

ఆ మొదటి పందెంలో గౌరీపతి మాస్టారు నడిచారు. నీలవేణి ఆయన్ని వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్ళింది అందుకే.

ఆమె యంత్రం పేరు అడుగుజాడ. మన మెదడులో కొన్ని కణాలున్నాయి. ఒక్కో చోటికి వెళ్ళినప్పుడు ఒక్కో కణం వెలుగుతుంది. కొత్త దారిలో నడుస్తుంటే అవి వీధి దీపాల్లా వరసగా వెలుగుతూ పోతాయి, ఆ వరస ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. అడుగుజాడ చాలా సన్నని కరెంటుతో ఆ వరసలో మొదటి దీపాన్ని తట్టి లేపుతుంది. మిగతావి వాటంతటవే వెలుగుతాయి. చీకట్లో కూడా మన వంటింటి స్విచ్చు చేతికి ఎలా దొరుకుతుందో, అలా కాళ్ళకి దారి తెలిసిపోతుంది. ఆనాడు చూసినవి, విన్నవి, వాసనలు కూడా దాంతోపాటు తిరిగొస్తాయి.

మతిమరుపు వచ్చి ఇంటి దారి మరిచిపోయే పెద్దవాళ్ళ కోసం ఆమె దాన్ని తయారుచేసింది. పాతికేళ్ళనాటి అడవి దారిని అది పట్టివ్వగలిగితే, పెట్టుబడి పెడుతున్న కంపెనీ ఆసుపత్రుల్లో వాడడానికి ఒప్పుకుంటుంది. పందెం నిర్వాహకులు మొదట అభ్యంతరం చెప్పారు. ఇందులో శాటిలైటు లేదు, మ్యాపు లేదు, ఉన్నదల్లా ఆయన జ్ఞాపకమే అని నీలవేణి వాదించింది. జ్ఞాపకం వాడకూడదన్న నిబంధన వాళ్ళ దగ్గర లేదు.

ఇప్పటి నిబంధన ప్రకారం జట్టుకి ముగ్గురు కావాలి. మూడో మనిషి రహీమా, కాకినాడలో ఒక స్కూల్లో ఆటల టీచరు. మ్యాపు చదవడం వచ్చింది ఆమెకే. ముగ్గురిలో ఎవరూ అంతకుముందు ఇలాంటి పందెంలో గెలిచినవాళ్ళు కాదు.

పొద్దున్నంతా పని సాఫీగా సాగింది. రహీమా మ్యాపు విప్పేలోగానే మాస్టారు మలుపు తిరిగేవారు. పేరున్న జట్లు మద్దిచెట్ల కింద నిలబడి దిక్సూచితో కుస్తీ పడుతుంటే, వీళ్ళు వాళ్ళని దాటుకుంటూ పోయారు. జెండాలు ఒకదాని తర్వాత ఒకటి దొరికాయి. అరవై దాటిన మనిషి అలుపు లేకుండా నడుస్తున్నారు. ఒక్కోచోట ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకి జరిగేవారు. ఒక్కోచోట తనలో తానే నవ్వుకునేవారు. నీలవేణికి అదంతా ఎంతో సంతోషంగా ఉంది. ఏం చూస్తున్నారని ఆమె అడగలేదు.

మధ్యాహ్నం దాటాక ఒక వెదురు పొద దగ్గర మాస్టారు ఎడమకి దిగారు. రహీమా ఆగి దిక్సూచి చూసింది. తర్వాతి జెండా కుడివైపు గట్టు మీద ఉండాలని చెప్పింది.

"ఇదే దారి" అన్నారాయన, వెనక్కి తిరక్కుండా. "నాకు బాగా తెలుసు."

నీలవేణి యంత్రం పక్షమే వహించింది. పొద్దుటినుంచీ ఒక్క తప్పు కూడా పోలేదు కదా, మ్యాపు మడిచేయమని రహీమాకి నచ్చజెప్పింది. రహీమా అయిష్టంగానే మడిచింది.

దిగేకొద్దీ అడవి దట్టమైంది. జెండా జాడ లేదు. కింద ఎక్కడో వాగు చప్పుడు వినిపించగానే మాస్టారి నడక మారిపోయింది. కుర్రాడిలా పరుగు లాంటి నడకతో గట్టు దాకా వెళ్ళి, చూసుకోకుండా ముందుకి అడుగు వేశారు. పాతికేళ్ళ కిందట అక్కడ వాగులోకి దిగే ఇసుక వాలు ఉండేది. వరదలకి ఆ వాలు ఎప్పుడో కోసుకుపోయింది. ఇప్పుడక్కడ నిట్టనిలువు గట్టు, కింద బండలు.

రహీమా ఒక్క ఉదుటున ఆయన వీపు సంచి పట్టుకుని వెనక్కి లాగింది. ఆయన గట్టు మీద పడ్డారు. ఆమె జారి బండల మీద పడింది.

నీలవేణి జారుతూ కిందికి దిగి, బురద పడ్డ కళ్ళజోడు వాగులో కడుక్కుని చూసేసరికి రహీమా పాదం ఒక పక్కకి తిరిగిపోయి ఉంది. పైకి చూసి మాస్టారిని పిలిచింది. ఆయన పలకలేదు. వాగు మధ్యలో ఉన్న నల్లటి రాయి వంక చూస్తూ నిలబడ్డారు. ఆ రాయి మీద ఎవరూ లేరు. ఆయన ముఖం మాత్రం పెళ్ళివారింట్లో మనిషి ముఖంలా వెలిగిపోతోంది.

నీలవేణి మళ్ళీ పిలిచింది. ఈసారి ఆయన రహీమా వంక చూశారు. మళ్ళీ రాయి వంక చూశారు. అలా రెండు మూడుసార్లు చూసి, రెండు చేతులూ పైకెత్తి, పట్టీని తనే ఊడదీసేశారు.

"దారి తప్పామని మీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది నీలవేణి, ఆయన దిగి వచ్చాక.

"వెదురు పొద దగ్గరే" అన్నారాయన. "ఆ రోజూ అక్కడే తప్పాం. మ్యాపు తిరగేసి పట్టుకున్నాను నేను. మా ఆవిడ ఇక్కడికొచ్చాక కనిపెట్టి, ఆ రాయి మీద కూర్చుని నవ్వడం మొదలెట్టింది. పొద్దు వాలేదాకా ఇక్కణ్ణుంచి కదల్లేదు మేము. పందెం పోయిందన్న బాధే లేదు."

మాస్టారి భార్య సుభాషిణి గారు పోయి నాలుగేళ్ళయిందని నీలవేణికి తెలుసు. మొదటి పందెంలో ఆయనతో నడిచింది ఆవిడేనని మాత్రం తెలియదు.

"పొద్దుటినుంచీ ఆవిడ నా ముందే నడుస్తోందమ్మా. ఆవిణ్ణి వదిలేసి కుడివైపు గట్టెక్కుదామని మీతో అనడానికి నాకెలా నోరొస్తుంది?" అన్నారు.

రహీమా పళ్ళు బిగబట్టి అంతా వింది. "ముందు నన్నిక్కణ్ణుంచి లేపండి మాస్టారూ. తర్వాత మాట్లాడుకుందాం" అంది.

వెదురు గెడలకి చొక్కాలు తొడిగి ఆమెని మోశారు. ఆ డోలీ మీద పడుకునే రహీమా దిక్సూచి చూస్తూ దారి చెప్పింది. మునిమాపు వేళకి తారు రోడ్డు ఎక్కారు. నిర్వాహకుల జీపు వచ్చి ఎక్కించుకుంది. ఫలితాల్లో వాళ్ళ జట్టు పేరు అట్టడుగున ఉంది.

నీలవేణి కంపెనీకి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఏది సరైన దారో అడుగుజాడకి తెలియదు, మనసు ఎటు లాగితే అటే వెలుగుతుంది, రోగులకి ఇది ప్రమాదం అంది. దాంతో పని ఆగిపోతుందనుకుంది. ఆమె చెప్పింది విని మేనేజరు ముఖం విప్పారింది. అంటే ఎవరికి ఏ రోజు ఇష్టమో ఆ రోజులోకి తీసుకెళ్తుందన్నమాట అన్నాడు.

ఏడాది తిరిగేసరికి అది బజారులోకి వచ్చింది. ఇంటి దారి మరిచిపోయినవాళ్ళెవరూ దాన్ని కొనలేదు. ఇంటి దారి బాగా తెలిసినవాళ్ళు కొన్నారు. విశాఖలో, బెజవాడలో సాయంత్రం పూట జనం పట్టీలు కట్టుకుని, ఎప్పుడో కూలగొట్టిన సినిమా హాళ్ళకీ, ఫ్లైఓవరు కింద పోయిన సందులకీ నడిచిపోయేవారు. గోడలకి గుద్దుకుని, నవ్వుకుంటూ లేచేవారు. దారి చూపడానికి చేసిన యంత్రం దారి తప్పాలనుకునేవాళ్ళకి అక్కరకొచ్చింది.

వాడినవాళ్ళని పరీక్షించే పని నీలవేణిదే. ఆ పనిలోనే ఆమె మాస్టారి ఇంటికి మళ్ళీ వెళ్ళింది. కాలు బాగై తిరుగుతున్న రహీమా అప్పుడప్పుడూ వచ్చి పోతుంటుందని ఆయన చెప్పారు. కాఫీ తాగాక, మొదటి పందెం రోజున వాగు దగ్గర జరిగింది గుర్తున్నంతవరకు చెప్పమని అడిగింది నీలవేణి.

మాస్టారు హుషారుగా చెప్పారు. ఇసుక వాలు, నల్లటి రాయి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్న సుభాషిణి, ఆవిడ నవ్వు. "ముఖమంతా బురద పడింది. కళ్ళజోడు తీసి ఆ నీళ్ళలో కడుక్కుంది" అన్నారు.

నీలవేణి గోడ మీదున్న ఫోటోలు చూసింది. పెళ్ళినాటి నుంచి చివరి రోజుల దాకా, సుభాషిణి గారికి కళ్ళజోడు లేదు. ఆ వాగులో బురద పడ్డ కళ్ళజోడు కడుక్కున్నది తను, రహీమా పడ్డ రోజున.

అప్పుడామెకి సంగతి తెలిసింది. పాత దారిని తట్టి లేపినప్పుడల్లా మెదడు దాన్ని మళ్ళీ కొత్తగా దాచుకుంటుంది. దాచుకునేటప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళని కూడా అందులో కలిపేసుకుంటుంది, అసలు జరిగింది దాని కింద చెరిగిపోతుంది. పట్టీలు కట్టుకుని ఊళ్ళల్లో ఎంతమంది ఎన్నిసార్లు నడిచారో ఆమె మనసులో లెక్క వేసుకుంది.

చెప్పకుండా వెళ్ళిపోదామనుకుంది. చెప్పకపోతే తప్పనిపించింది.

"మాస్టారూ, ఆ కళ్ళజోడు కడుక్కున్నది నేను."

ఆయన నమ్మనట్టు ఆమె ముఖం వంక చూశారు. తర్వాత గోడ వంక చూశారు. చివరికి మెల్లగా, "మరి అప్పుడు ఆవిడేం చేసింది?" అని అడిగారు.

మొదటి పందెం రోజున ఆ వాగు దగ్గర ఉన్నది ఆయనా, సుభాషిణి గారూ ఇద్దరే.