రాజన్నకు మొక్కిన చేయి

"ఏందే గిది! ముడి ఎవలు ఇప్పిన్రు?"

అత్త సారక్క అరుపుకు జమున ఉలిక్కిపడింది. గోడమీద మెల్లగా పైకి పాకుతున్న ఆమె ఎడమచేతి వేళ్లు ఛాతీ ఎత్తున అక్కడే ఆగిపోయాయి. పసుపు గుడ్డ కాళ్ల దగ్గర పడి ఉంది... వానాకాలం నుంచి ఆ చేతిని కడుపుకు అదిమి కట్టి ఉంచిన గుడ్డ!

ఆ ఏడు సూరత్‌లో కరోనా ఇంటింటినీ వణికించింది. లింబాయత్‌లోని ఈ ఒంటిగది ఇంటినీ వదల్లేదు. మగ్గాలు నడిపే సదానందాన్ని ఆక్సిజన్ మీద పెట్టినప్పుడు, తల్లి సారక్క వేములవాడ రాజన్న పటం ముందు పడి గిత్తను గుడి చుట్టూ తిప్పి అక్కడ కట్టేస్తానని కోడె మొక్కు మొక్కుకుంది. కొడుకు బతికి ఇంటికొచ్చాడు. కానీ ఆ వెంటనే కోడలు జమున భుజం పట్టేసింది! జడ వేసుకోలేకపోయింది, రవికె తొడుక్కోలేకపోయింది. "మొక్కు బాకీ ఉన్నది. పోయి కోడెను కట్టేదాక ఆ చెయ్యి కదలొద్దు" అని సారక్క పసుపు గుడ్డతో ముడి వేసింది. రైళ్లు చూస్తే సరిగా నడవడం లేదు. ఏ సోమవారమూ ఒక్కపొద్దు తప్పని జమున ఎదురు చెప్పలేదు. భుజం మాత్రం రోజురోజుకీ కొయ్యలా బిగుసుకుపోయింది. చివరికి కూతురు సంతోషి ఫోన్‌లో డాక్టరుకు చూపించింది. అది ఫ్రోజెన్ షోల్డర్ అనీ, కట్టి ఉంచితే ఇంకా బిగుస్తుందనీ, వేడినీళ్ల కాపడం పెట్టి ఓర్చుకోగలిగినంత మేర రోజూ కదిలించాలనీ ఆయన చెప్పాడు. అప్పటినుంచి అత్త నీళ్లకు నల్లా దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఈ దొంగచాటు సాధన!

"నాయనమ్మా, డాక్టర్ సాబ్ సాఫ్ చెప్పిండు, కట్టొద్దని!" అంది సంతోషి.

"నీ డాక్టర్ రాజన్న కంటె పెద్దోడా? నోర్ముయ్ పోరీ!"

అంతలో మంచం మీద సదానందం దగ్గాడు. ఒకసారి కాదు... ఆగకుండా, కళ్లు ఎర్రబడేలా!

"సూడు! ముడి ఇప్పిన గడియల్నే పట్టుకున్నది!" సారక్క పటం వైపు తిరిగి చేతులు జోడించింది.

జమున గబుక్కున వంగి గుడ్డను అందుకుని కూతురి చేతిలో పెట్టింది. "కట్టు బిడ్డా... తొందరగ కట్టు! నా చెయ్యి పోతే పోనియ్యి..."

సంతోషి కట్టలేదు. ఆక్సీమీటర్ తెచ్చి తండ్రి వేలికి తొడిగింది. ముగ్గురు ఆడవాళ్లూ ఊపిరి బిగబట్టి ఆ చిన్న గాజుముక్కను చూశారు. తొంభై ఏడు!

"నాకేం కాలే అవ్వా! నీ ఊదు పొగ జర తగ్గియ్యి. కరోనాకు సావనోన్ని గీ పొగకు సచ్చెటట్టున్న!" అన్నాడు సదానందం, కళ్లు తుడుచుకుంటూ.

ఎవరూ నవ్వలేదు. జమున అత్త దగ్గరికి వెళ్లింది.

"నిజం చెప్పు అత్తమ్మా. కోడెను మొక్కితే నా చెయ్యెందుకు కట్టినవ్?"

సారక్క కూలబడిపోయింది. "వాన్ని ఇడిసిపెట్టు తండ్రీ, మా ఇంట్లకెల్లి ఏది కావాల్నన్న తీస్కో అన్న... వాడొచ్చిండు, నీ చెయ్యి పోయింది! దేవునికి ఇచ్చింది మళ్ల గుంజుకుంటే వాన్ని బతకనిస్తడా?" కొంగు నోట్లో కుక్కుకుంది.

జమునకు ఒళ్లు మండింది. ఇవ్వడానికి ఈ చేయి ఎవరిది? కానీ ఎదురుగా వణుకుతున్న ఆ ముసలి భుజాలను చూసి, పటం వైపు తిరిగింది. లోకం బతకాలని విషం తానే మింగినవాడు, ఒకరి ప్రాణానికి ఇంకొకరి చేయి అడుగుతాడా?

"అత్తమ్మా, కోడెను గుడి సుట్టూ తిప్పుతం గద? కాళ్లు కట్టేసి ఈడ్సుకపోతమా?"

"అయ్యో, పాపం గద!"

అనేసి సారక్క చప్పున కోడలి ఎడమచేతి వైపు చూసింది.

"ఇచ్చినవనే అనుకో. ఇది రాజన్న చెయ్యే. దేవుని సొమ్మును పాడువెట్టుకుంటమా?"

 సారక్క మోకాళ్లు పట్టుకుని లేచి, కోడలిని గోడ దగ్గరికి నడిపించి, ఆమె మోచేతి కింద తన అరచేయి ఆనించింది.

"నొప్పయితె నన్ను తిట్టు."

"తిడితే ఊకుంటవా?"

"గీ గోడకాడ ఉన్నంతసేపు ఊకుంట."

వేళ్లు కదిలాయి. ఛాతీ దాటాయి... భుజం ఎత్తుకు వచ్చేసరికి లోపల ఏదో చీలినట్టయి జమున కళ్లలో నీళ్లు చిమ్మాయి. ఇన్నేళ్ల కాపురంలో అత్తకు ఎదురు మాట్లాడని ఆ నోరు గట్టిగా అరిచేసింది.

"ఓ ముసల్దానా! సంపుతున్నవ్ గదే!"

"ఇంక జర బిడ్డా... ఇంక జర..." అంది సారక్క, తన కళ్లు తుడుచుకోవడం మరిచిపోయి.