రేవు చిన్నోడికి అక్క లేదు

కంకిపాడు నుంచి పామర్రు దాకా శౌరయ్యగారి కథ వినకుండా పెరిగిన పిల్ల ఒక్కతీ లేదు, పిల్లాడు ఒక్కడూ లేడు. ఆయన అరుగు మీద కూర్చుని కథ ఎత్తుకుంటే కాలవలో కప్పలు బెకబెకలు మాని గట్టెక్కి కూర్చునేవి. హనుమాన్ జంక్షన్ పోయే బస్సు ఒకసారి ఇంటి ముందు ఆగిపోయింది. డ్రైవరు ఇంజను ఆపి కథంతా విన్నాడు. ప్రయాణికులు గొడవపడకపోగా, వెనక సీట్లకు సరిగా వినపడలేదని మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నారు.

ఆయన రాసిన పిల్లల పుస్తకాలన్నిట్లోనూ కథానాయకుడు ఒకడే. రేవు చిన్నోడు. కాలవ అడుగున ఉంటాడు. జెల్ల చేపల మీసాలకు జడలేస్తాడు, లకుముకి పిట్టతో పందేలు కాస్తాడు, ఆకలేస్తే గట్టెక్కి వచ్చి అమ్మ చూడకుండా ఉట్టి మీది పెరుగన్నం తిని పోతాడు. ఎన్ని పుస్తకాలొచ్చినా వాడికి ఆరేళ్ళే.

ఆ రోజు సమాధుల పండగ. శౌరయ్యగారి కూతురు స్టెల్లా, తన కూతురు జెస్సికాని తీసుకుని విజయవాడ నుంచి ముందు రోజే వచ్చింది. వంటింటి గుమ్మంలో కూర్చుని, తమ్ముడి సమాధికని బంతిపూలు గుచ్చుతోంది. తల్లి అమలమ్మ కాఫీ గ్లాసు భర్త చేతికిచ్చి, రోజూ పొద్దున్నే అడిగే మాటే అడిగింది.

"ఏమండీ, వాడేం చేశాడివాళ?"

"ఏం చేస్తాడే, కాలవ లాకు తలుపుకి అడ్డంగా పడుకుని గుర్రుపెట్టాడు. నీళ్ళొదిలే మనిషి వచ్చి చెవి మెలిపెట్టి లేపాల్సొచ్చింది."

"రాత్రి మంచు కురిసింది. చలేసుంటుంది వాడికి" అంది అమలమ్మ, దిగులుగా.

స్టెల్లా చేతిలో సూది వేలికి గుచ్చుకుంది. తనకి తొమ్మిదేళ్ళప్పటి నుంచి ఈ మాటలే వింటోంది. తమ్ముడు జయపాల్ కాలవ రేవులో పడి పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. పోయినవాడు పొద్దున్నే కాఫీ వేళకు ఇంట్లోకొస్తాడు, కబుర్లు తెస్తాడు, వెళ్ళిపోతాడు. బతికున్న కూతురు ఏం చేసిందని ఆ వేళప్పుడు ఎవరూ అడగరు. సమాధి దగ్గరికి ఏటా తల్లీకూతుళ్ళే వెళ్ళేవారు. శౌరయ్యగారికి ఆ రోజే రాసుకునే పని తగిలేది.

కథ వినని పిల్ల ఒక్కతీ లేదన్నానా? ఉందండీ, ఆ ఇంట్లోనే ఉంది. తండ్రి గొంతు సవరించుకుంటే చాలు, స్టెల్లా గిన్నెలు తోమడానికి పెరట్లోకి పోయేది. నా గొప్ప అక్కడికి కాలవలో కలిసింది. ఏం చేస్తాం.

దండ ముడి వేస్తూ స్టెల్లా తలెత్తి చూసింది. "అమ్మా, జెస్సీ ఏదీ?"

"చేగోడీలు కావాలంటే ఇచ్చానే. వీధిలోకి పోయినట్టుంది."

దండ కింద పడింది. స్టెల్లా చెప్పులు లేకుండానే పరుగెత్తింది. రేవులో చివరి మెట్టు మీద ఉంది జెస్సికా. ఒక కాలు నీళ్ళలో. చేతిలో చేగోడీలు.

"రారా చిన్నోడా, నీకోసమే తెచ్చా" అని నీళ్ళకేసి వంగి పిలుస్తోంది.

స్టెల్లా పిల్లని ఎత్తుకుని తిరిగొచ్చేసరికి శౌరయ్యగారు అరుగు మీద కొత్త పుస్తకం కాగితాలు పరుచుకుని ఉన్నాడు. పక్కన ఎర్ర పెన్సిలు. ఆయన పద్ధతి అది. అచ్చుకి పంపేముందు కథను ఒక పిల్లకి చదివి వినిపిస్తాడు. ఈసారి జెస్సికాకి, రాత్రే సగం దాకా చదివాడు. ఎక్కడ పిల్ల అడ్డొచ్చి ప్రశ్న అడిగితే అక్కడ ఎర్రగీత పడుతుంది. అక్కడ కథకి చిల్లుందని, పూడ్చాలని దానర్థం.

"నాన్నా, దీని కాలు నీళ్ళలో ఉంది" అంది స్టెల్లా. గొంతు పెద్దది చెయ్యలేదు. "పిలిస్తే వస్తాడని మీరే చెప్పారట."

శౌరయ్యగారు పిల్ల తడి కాలు పైపంచెతో తుడవబోయాడు. "ఊరికే కథమ్మా అది..."

"మీకు కథ. దీనికి కాదు. ఇంక దీన్ని సెలవులకి పంపను. పంపాలంటే, వాడు పోయాడని మీ నోటితో మీరు చెప్పండి. పండగ పూటయినా చెప్పండి."

"పిల్లల కథలో ఎవరూ పోకూడదే స్టెల్లా. నేను రాసినన్నాళ్ళూ వాడు..."

జెస్సికా తల్లి చంక దిగి, కాగితాల్లోకి తొంగి చూసింది. "తాతయ్యా, చిన్నోడికి అక్క లేదా? అక్కుంటే చెయ్యి పట్టుకునేదిగా, నీళ్ళలో పడకుండా."

అలవాటు కొద్దీ ఆయన చెయ్యి ఎర్ర పెన్సిలు మీదికి పోయింది. పోయి, అక్కడే ఆగింది.

"లేదమ్మా" అంది స్టెల్లా. "ఏ పుస్తకంలోనూ లేదు. అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, మనింటి గేదె కూడా ఉంది. అక్క లేదు. నేను చదవననుకున్నారు నాన్నా మీరు. అచ్చయినవన్నీ చదివాను. ఒక్కదాంట్లోనైనా ఉంటానేమోనని చదివాను. నేను చెయ్యి వదిలేశానని నన్ను కొట్టినా బాగుండేది. పేరే కొట్టేశారు."

అమలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"అది కాదురా తల్లీ" అన్నాడు శౌరయ్యగారు. "నిన్ను రాస్తే చదివిన ప్రతి పిల్లా అడుగుతుంది, అక్క అప్పుడెక్కడుందీ అని. నా పద్ధతి నాకు తెలుసుగా. నిన్ను ఆ ప్రశ్న ఎవరూ అడక్కూడదు. అందుకని తీసేశాను. నేనూ అడగలేదు, మీ అమ్మనీ అడగనివ్వలేదు."

"అడగాల్సింది నాన్నా. చెప్పేదాన్ని."

శౌరయ్యగారు పెన్సిలు కింద పెట్టాడు. "ఎక్కడున్నావమ్మా ఆ రోజు?"

స్టెల్లా అరుగు మీద కూలబడింది. "దాగుడుమూతలు ఆడుతున్నాం. చెయ్యి వదులక్కా, దాక్కుంటా అన్నాడు. నేను గోడకి తలానించి కళ్ళు మూసుకున్నా. కళ్ళు తెరిచేసరికి లేడు. బాగా దాక్కున్నాడే అని నవ్వుకున్నా నాన్నా. రేవంతా వెతికి, ఇంక నువ్వే గెలిచావురా, బయటికి రా అన్నాను. ఎంత పిలిచినా రాలేదు. గెలిచాడు కదా, రావాలి కదా..."

అమలమ్మ వచ్చి కూతురి తల పొట్టకి అదుముకుంది. "ఆడుకుంటున్నాడా నా తండ్రి" అంది, ఏడుస్తూ. "భయపడి, నన్ను పిలిచి పిలిచి పోయాడనుకున్నానే ఇన్నేళ్ళూ. నవ్వుతూనే ఉన్నాడన్నమాట. ఈ ముక్క ఇన్నాళ్ళూ నీ ఒక్కదాని దగ్గరే పెట్టుకుని ఎట్లా మోశావే."

శౌరయ్యగారు కాగితాలన్నీ పోగుచేసి, చదవని సగం మీద చదివిన సగం బోర్లించాడు. లోపలికెళ్ళి ఉతికిన చొక్కా తొడుక్కొచ్చాడు. "పద జెస్సీ. మీ మావయ్య దగ్గరికి."

దారిలో ఆ ముసలాయన, కథలా కాకుండా, ఒక మనిషి మరో మనిషికి చెప్పుకున్నట్టు అంతా చెప్పాడు. జెస్సికా అడ్డు రాకుండా విని, చివర్న తల్లి చెయ్యి పట్టుకుంది.

"సెలవులకి రానా అమ్మా?"

"వద్దువుగాని. రేవుకి మాత్రం నేను లేకుండా దిగకూడదు."

సమాధికి తెల్లగా సున్నం వేశారు. దండ పరిచారు. స్టెల్లా కొవ్వొత్తి వెలిగించింది. పొలాల మీది నుంచి గాలి విసురుగా వస్తోంది. చుట్టుపక్కల సమాధుల మీద కొవ్వొత్తులన్నీ ఆరిపోతున్నాయి. జయపాల్ తల దగ్గరది మాత్రం రెపరెపలాడకుండా నిలిచి వెలిగింది. శౌరయ్యగారు ఎన్నాళ్ళనుంచో దాచుకున్న ఏడుపంతా అక్కడ కూర్చుని ఏడ్చాడు.

ఇందులో ఒక ముక్క నేను కల్పించాను, చెప్పేస్తాను. ఆ కొవ్వొత్తి నిలవలేదు. అందరివీ ఆరినట్టే అదీ ఆరింది. ఆరినప్పుడల్లా స్టెల్లా వెలిగిస్తూనే ఉంది. ఆమె పక్కన ముసలాయన గొంతుక్కూర్చుని, చీకటి పడేదాకా, రెండు చేతులూ గాలికి అడ్డం పెట్టాడు.