తిప్పమ్మ చేతి కడెం

గార్లదిన్నె దాటి చేన్ల నడుమ లోపలికి పోతే పాత మోటబావి ఒకటి ఉండాది. నీళ్ళు ఎండిపోయి శానా ఏండ్లయింది. చుట్టూ కంపచెట్లు. పొద్దు మునిగితే ఆ పక్కకు గొర్లను కూడా తోలరు. గట్టు మీద ఒక వయసు పిల్ల కూచోనుంటాదంట... పలకరిస్తే పలుకుతాదంట. అందుకే ఎవురూ పలకరించరు.

తిప్పమ్మ పలకరించింది.

మొగుడు పోయినాక చెనక్కాయ చేన్లల్లో కూలి చేసి, ఒక్క బిడ్డ జయంతిని సాకి పెద్ద చేసిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయినాయి. ఆ సాయంత్రం కలుపు తీసి ఇంటికొస్తా, అడుగు పడక ఆ గట్టు మీదే కూలబడింది. పక్కకు చూస్తే... ఎవురో పిల్ల. చేతికి లావుపాటి వెండి కడెం.

"ఎవురు పాపా నువ్వు? మసక చీకట్లో ఒక్కదానివే..."

"మోకాళ్ళు నొస్తాండాయా?" గుసగుసగా అడిగింది ఆ పిల్ల. "ఇది ఏసుకో. పోతాది."

"మరి నీకొద్దా?"

"నాకింక పనిచెయ్యదు." కడెం తీసి తిప్పమ్మ ఒళ్ళో పెట్టింది. "మా ఇంట్లో ఎవురూ మిగల్లేదు."

తిప్పమ్మ కడెం తొడుక్కోని తలెత్తింది. గట్టు మీద ఎవురూ లేరు. పిడికెడు తెల్లవెంట్రుకలు గాలికి కదుల్తాండాయి — అంతే.

తిప్పమ్మ లేచి పరిగెత్తింది. ఇంటి వాకిట్లోకి వచ్చి నిలబడినాక గాని తెలీలేదు... తాను పరిగెత్తిందని.

ఆ పొద్దు నుంచి తిప్పమ్మ వయసు వెనక్కి తిరిగింది. నెత్తి నల్లబడింది. బుగ్గలు నిండినాయి. అద్దం ముందర కూచుంటే లేచేది కాదు. అన్నం ముందు బిడ్డకు పెట్టే మనిషి, ఇప్పుడు తాను తిని మిగిలింది పెడతాంది.

జయంతి బట్టల కంపెనీలో కుట్టు పని చేస్తాండె. ఆ పిల్లకు సూదిలోకి దారం ఎక్కడం మానింది. పాపిట్లో తెలుపు దిగింది. దగ్గు పట్టుకుంది. ఆస్పత్రిలో అన్ని పరీక్షలూ చేసి, ఏమీ లేదన్నారు. ఒకరోజు అన్నం నములుతాంటే పన్ను ఊడి అన్నం తట్టలో పడింది.

అది చూసి తిప్పమ్మ చెయ్యి కడెం మీదికి పోయింది. ఆ రాత్రి కడెం తీసి గూట్లో పెట్టి పడుకుంది.

తెల్లారి మోకాళ్ళు మడత పడలేదు. పాకుతా వాకిలి దాకా వచ్చి చూస్తే, జయంతి ముగ్గేస్తాంది. దగ్గు లేదు. ముఖంలో మళ్ళీ కళ.

"అమ్మా, ఈ పొద్దు నాకు బాగుండాది!" బిడ్డ నవ్వింది.

తిప్పమ్మ బిడ్డను చూసింది. తన మోకాళ్ళను చూసుకుంది. మళ్ళీ పాకుతా గూటి దగ్గరికి పోయింది.

తెలిసే ఏసుకుంది.

జయంతికీ అర్థమయింది. కాళ్ళు పట్టుకుంది. "తీసెయ్యమ్మా... నీకు దండం పెడతా."

"నిన్ను సాకి సాకి నేను ముసల్దాన్నయితిని," అనింది తిప్పమ్మ. "అప్పుడు నేనేమన్నా నిన్ను అడిగినానా?"

జయంతి ఏడుపు ఆగలేదు. నెల తిరిగేసరికి నడుము వంగి కట్టె పట్టింది. ఆ ఏడుపు వినలేక, ఒక సాయంత్రం తిప్పమ్మే లేచింది. "పా. బావిలో పారేసి వద్దాం."

గట్టు మీద నిలబడి కడెం తీసింది. నొప్పి మోకాళ్ళను మేకు దిగినట్టు పట్టింది. చేతి తోలు ముడతలు పడతాంది... కండ్లెదురుగానే.

"ఇటియ్యమ్మా," జయంతి చెయ్యి చాపింది. "నేను పారేస్తా."

తిప్పమ్మ ఆ చెయ్యి వైపే చూసింది. ఈ పిల్ల పారేస్తాదా... తొడుక్కుంటాదా? తానైతే తొడుక్కునేది.

చటుక్కున కడెం తన చేతికే ఎక్కించింది.

జయంతి అట్లే నేల మీదికి ఒరిగిపోయింది. తిప్పమ్మ ఆ పిల్లను లేపి భుజానికేసుకుంది — చెత్త గంపంత బరువు కూడా లేదు.

రోడ్డు మీద గుత్తి నుంచి వస్తాండే ఆటో ఒకటి ఆగింది. డ్రైవర్ షఫీవుల్లా దిగి, ఇద్దర్నీ ఎక్కించినాడు.

"గట్టిగా పట్టుకో పాపా, దారంతా గుంతలే. మీ అవ్వనా?"

తిప్పమ్మ పక్కనున్న ముడతల ముఖాన్ని ఒకసారి చూసింది.

"ఊ... మా అవ్వే."

ఆ మాట జయంతి విన్నది. పండ్లు లేని నోరు రెండు మార్లు కదిలింది. మెల్లగా తల తెచ్చి తిప్పమ్మ భుజం మీద ఆనించింది.

"అమ్మా... చలి పెడతాంది. కొంగు కప్పమ్మా."

షఫీవుల్లా అద్దంలో చూసి నవ్వినాడు. "వయసు మీద పడితే అంతేలే పాపా. మనవరాల్ని పట్టుకోని అమ్మా అంటారు."

తిప్పమ్మ కూడా నవ్వింది.

కొంగు మాత్రం కప్పలేదు.